లక్క పోసిన క్రాంకు

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఈ నాలుగు మాటలు రాసేలోపే రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను. ఇరవై నాలుగేళ్ల వయసులో ఎట్లా ఉండేవాణ్నో మీరే ఊహించుకోండి. అలాంటివాణ్ని పొద్దుటూరులో, బంగారు అంగడి ఉన్న ఇంట్లో పుట్టించడం దేవుడి పొరపాటని మా అమ్మ అంటుండేది. బంగారు వ్యాపారమంటే ముప్పాతిక వంతు కూర్చోవడమే. పొద్దున తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవాలి, అన్నం తిని కూర్చుంటే దీపాలు పెట్టాక లేవాలి. మా నాయన ముప్పై ఏళ్లు అట్లాగే కూర్చున్నాడు. నేను మాత్రం గడియకోసారి ఏదో ఒక వంకతో వీధిలోకి పోయేవాణ్ని. తమలపాకులని ఒకసారి, పేపరని ఒకసారి, ఊరికే ఒకసారి.

"కాలుగాలిన పిల్లి మాదిరి యాడికిరా తిరుగుతాండావు? కూచో" అనేవాడు నాయన.

కూర్చునేవాణ్ని. కాలు ఊగేది. కాలు ఊగితే పరుపు కదిలేది, పరుపు కదిలితే త్రాసు ముల్లు కదిలేది. "లేచి పో" అని మళ్లీ ఆయనే అనేవాడు.

నాయనకు ఒక పట్టింపు ఉండేది. మా అంగట్లో గట్టి గాజులూ ఉండేవి, బోలు గాజులూ ఉండేవి. బోలు గాజంటే పలచటి బంగారు రేకును గొట్టంలా చుట్టి, లోపల లక్క కరిగించి పోసి మూసేది. చూడ్డానికి లావుగా ఉంటుంది, చేతికి తేలిక. లక్క లేకపోతే వేలితో నొక్కినా చొట్ట పడుతుంది. ఆ గాజు కొనడానికి ఎవరొచ్చినా నాయన అంగట్లో అందరికీ వినిపించేలా చెప్పేవాడు. "అమ్మా, ఇది బోలు. లోపల లక్క ఉండాది. గట్టిదని ఎవురికీ సెప్పొద్దు." కొనేవాళ్లకు తల కొట్టేసినట్టు ఉండేది. అయినా ఆ మాట కోసమే జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ, పెద్దముడియం పల్లెల నుంచీ పెండ్లి బంగారానికి మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఉంటుందని పేరు.

అంగడి వెనక చిన్న గదిలో మాకు పనిచేసే ఆచారి కూర్చునేవాడు. నాకు ఇంట్లో ఊపిరాడే చోటు అదొక్కటే. కుంపటి, ఊదుగొట్టం, ఆకురాళ్లు, అతుకులకు వేసే వెలిగారం వాసన. చేతులకు పనుంటే నా కాళ్లు ఊరుకునేవి. చూసి చూసి రేకు చుట్టడం, అతకడం, లక్క పోయడం నేర్చుకున్నాను. నాయనకు అది గిట్టేది కాదు. శెట్టి కొడుకు ఊదుగొట్టం పట్టుకుంటే ఆచారి కొడుకు పద్దు రాస్తాడా అని విసుక్కునేవాడు. ఆ విసుగును నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాణ్ని.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన తర్వాతి ఏడాది, చలికాలంలో, మా ఊరికి సైకిలు తొక్కే మనిషి వచ్చాడు. ఇప్పటి పిల్లలకు ఈ ఆట తెలియదు. ఊరి బయట మైదానంలో సున్నంతో పెద్ద గుండ్రటి గీత గీస్తారు. మధ్యలో ఒక గుంజ, గుంజకు మైకు. మనిషి సైకిలెక్కి ఆ గీత వెంబడి ఏడు దినాలు తిరుగుతాడు. దిగడు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం, చొక్కా మార్చుకోవడం, కునుకు, అన్నీ సైకిలు మీదే. కాలు నేలకు తగిలిందా, ఆట పోయినట్టే. మధ్యమధ్యలో ముందు చక్రం గాల్లోకి లేపి తిప్పడం, వెనక్కు తొక్కడం, కదలకుండా నిలబెట్టి హ్యాండిలు మీద కాళ్లు పెట్టుకుని బీడీ వెలిగించడం. ఏడో దినం సాయంత్రం గీత మధ్యలోకి వచ్చి, దిగి, సైకిలు కడ్డీకి తోలుపట్టీ చుట్టి, దాన్ని పళ్లతో కరిచి సైకిలు మొత్తం పైకెత్తుతాడు. రెండు చేతులూ చాచి నిలబడతాడు. ఆ చివరి ఆట కోసమే జనం వచ్చేది.

ఆయనది అనంతపురం వైపు. నలభైకి దగ్గర పడిన మనిషి, పిక్కలు ఎండిన కట్టెల్లా ఉండేవి. భార్య వెంట ఉండేది. ఆమె ఆయన పక్కన నడుస్తూ ముద్దలు చేతికి అందించేది, మైకులో మాట్లాడేది, గుంజకు వేలాడే పలక మీద సుద్దముక్కతో ఎన్నో దినమో రాసేది. నేను ఆ ఏడు దినాలూ అంగట్లో ఉన్నదానికంటే మైదానంలో ఉన్నదే ఎక్కువ. ఆగకుండా తిరిగే మనిషిని చూస్తే నాకు ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. తిరగడమే పనిగా ఉన్నవాడు లోకంలో ఒకడైనా ఉన్నాడనిపించింది.

ఏడో దినం సైకిలు ఎత్తినప్పుడు నేను ముందు వరసలో ఉన్నాను. అందరూ సైకిలును చూస్తున్నారు, నేను ఆయన నోటిని చూశాను. తోలుపట్టీ వెంబడి ఎర్రగా ఒక చార కారింది. దించిన తర్వాత భార్య గబగబా తువ్వాలు అందించింది. ఆయన తుడుచుకుని జనానికి దండం పెట్టాడు.

మర్నాడు వాళ్లు దిగిన సత్రానికి పోయాను. ఆయన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. భార్య ఆముదం రాస్తోంది.

"పండ్లు కదులుతాండాయా అన్నా?" అని అడిగాను.

ఆయన నా వైపు ఎగాదిగా చూశాడు. తర్వాత నోరు తెరిచి పైన ముందు పళ్లు రెండింటిని వేలితో కదిపి చూపించాడు.

"ఇంగ రెండూర్లో మూడూర్లో తట్టుకుంటాయి. ఆ తర్వాత ఈ ఆట లేదు. ఈ ఆట లేకుంటే ఏడు దినాలు తొక్కినా సూసేవాడు లేడు."

"వేరే పని సేసుకోమంటే ఇనడు" అంది భార్య, నాతో కాదు, ఆయన పాదంతో అన్నట్టు.

సైకిలు గోడకు ఆనించి ఉంది. నేను లేచి దాన్ని ఎత్తి చూశాను. పాత ఇనుప సైకిలు, బండబరువు. చూస్తూ చూస్తూ నా చేతులు ఊరుకోలేకపోయాయి. సీటు కింద కడ్డీ గట్టి ఇనుము, దాన్ని గొట్టంగా మార్చొచ్చు. చైను వీలులో అక్కరలేని ఇనుము ఎంతో ఉంది, బెజ్జాలు వేసి తీసేయొచ్చు. పెడళ్లు సత్తుతో చేయొచ్చు. సీటు స్ప్రింగులు తీసి చెక్క మీద తోలు బిగించొచ్చు.

"నేను దీన్ని తేలిక చేసిస్తా అన్నా" అన్నాను.

ఆయన చాపిన కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. "అది మోసం కాదా అప్పా? జనం ఇది సైకిలంత బరువనుకోని సూస్తారు."

"సైకిలు సైకిలే కదన్నా. తూకమెంతని ఎవరన్నా అడిగినారా?"

బంగారు అంగట్లో పుట్టినవాడు అనాల్సిన మాట కాదది. మా నాయన వినుంటే ఊదుగొట్టంతోనే వీపు వాయించేవాడు. కానీ నాకు ఆ క్షణంలో నాయన గుర్తుకు రాలేదు, నా చేతికి దొరికిన పనే గుర్తుంది.

మూడు వారాలు వెనక గదిలో పనిచేశాను. ఆచారికి పొగాకు కట్టలు ఇచ్చి నోరు మూయించాను. చైను వీలుకు బరమాతో బెజ్జాలు వేస్తుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. సత్తు గిన్నె అడుగులు కత్తిరించి పెడళ్ల పలకలు చేశాను. నట్ల తలలు కూడా ఆకురాయితో అరగదీశాను. రాలిన ఇనుప రజను ప్రతి సాయంత్రం కాగితంలో ఎత్తి, తులాల్లో తూచి, ఇంత తగ్గిందని మురిసిపోయేవాణ్ని. మా వాళ్లు బంగారు రజను పోతే ఏడుస్తారు. నేను ఇనుప రజను ఎక్కువ రాలితే పండగ చేసుకున్నాను. జీవితంలో మొదటిసారి పొద్దు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

జమ్మలమడుగులో ఆట బాగా సాగింది. ఏడో దినం ఆయన సైకిలు ఎత్తి, చేతులు చాచి, మెడ కొంచెం అటూ ఇటూ తిప్పాడు కూడా. అంతకుముందు అట్లా ఎప్పుడూ చేయలేదట. జనం ఈలలు వేశారు. రక్తం రాలేదు. భార్య నా దగ్గరికొచ్చి రెండు అరటిపండ్లు చేతిలో పెట్టింది. అంత సంతోషం మళ్లీ ఏదీ ఇవ్వలేదు నాకు. పొద్దుటూరు బస్సులో సీటున్నా కూర్చోలేక తలుపు దగ్గర నిలబడే వచ్చాను.

పని అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. అంగట్లో కూర్చున్నా కళ్ల ముందు ఆ సైకిలే. ఇంకా ఏం తీయొచ్చు, ఇంకా ఎక్కడ బరువుంది. ఉగాది వెళ్లాక పులివెందులలో ఆట ఒప్పుకున్నామని, పోతూ పోతూ పొద్దుటూరులో దిగారు వాళ్లు. నేను సత్రానికి పరుగెత్తాను. పైపళ్లు ఇంకా కదులుతున్నాయా అని అడిగాను. కదులుతున్నాయన్నాడు.

"అయితే ఇంగా తగ్గిస్తా. క్రాంకు ఉండాది కదా, అది గట్టి ఇనుము."

క్రాంకంటే పెడలును మోసే చెయ్యి. కుడివైపుది చైను వీలుతో కలిసి ఉంటుంది, దాన్ని కదపలేను. ఎడమవైపుది విడిగా ఊడి వస్తుంది.

"ఉన్నది సాలప్పా. ఇప్పుడు బాగనే ఉండాది" అన్నాడాయన.

"నువ్వు ఊరుకో అన్నా. నాలుగు దినాలు."

ఆయన నా మాట కాదనలేదు. జమ్మలమడుగు తర్వాత నా మీద గురి కుదిరింది. ఆ గురే కొంప ముంచింది.

పాత క్రాంకు రెండు కొసలూ కోసి, మధ్యలో గట్టి ఇనుము బదులు పలచటి గొట్టం పెట్టి అతికాను. కానీ గొట్టం మీద కాలు పెట్టి తొక్కితే నలుగుతుంది. నలగకుండా ఏం చేయాలి? నాకు తెలిసిన విద్య ఒకటే. లక్క కరిగించి, ఇటుకపొడి కలిపి, గొట్టం నిండా పోసి బిగించాను. బోలు గాజుకు ఏం చేస్తామో అదే చేశాను. సాయంత్రం పెరట్లో సైకిలు నిలబెట్టి ఆ పెడలు మీద నేనెక్కి గెంతాను. చెక్కు చెదరలేదు. నాకంటే తెలివైనవాడు జిల్లాలోనే లేడనుకున్నాను. బోలు గాజు మీద ఎవరూ ఎక్కి నిలబడరన్న సంగతి, దాన్ని తొడుక్కున్న ఆడవాళ్లు పొయ్యి దగ్గరికి పోయేటప్పుడు తీసి గూట్లో పెడతారన్న సంగతి నాకు తోచలేదు. లక్క వేడికి మెత్తబడుతుందని తెలియకా? చిన్నప్పటి నుంచీ కరిగించినవాణ్నే. తెలిసినదే తోచకపోవడం కంటే పాడు తెలివి లేదు.

పులివెందులకు నేనూ పోయాను. స్నేహితుడి పెండ్లి అని నాయనకు చెప్పి, ముద్దనూరు మీదుగా బస్సులో దిగాను. చలికాలం పోయింది. మైదానంలో చుట్టూ వేపచెట్లున్నాయి కానీ గీత మాత్రం ఎండలోనే. మొదటి నాలుగు దినాలు ఏ ఇబ్బందీ లేదు. నేను చెట్టు కింద నుంచి చెట్టు కిందికి మారుతూ, టీ అంగడికీ మైదానానికీ తిరుగుతూ, నా క్రాంకు మెరుస్తుంటే చూసుకుంటూ గడిపాను.

ఐదో దినం గాలి లేదు. నేల నుంచి సెగ. నాలుగు గంటల వేళ, సంత ముగించుకున్న జనం ఒక్కొక్కరే వచ్చి చెట్ల కింద చేరుతున్నారు. నేను గీత దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన నా ముందు నుంచి పోతుంటే ఎడమ మడమ మీద ఎర్రగా ఏదో కనబడింది. రక్తమనుకున్నాను. మళ్లీ చుట్టు తిరిగి వచ్చేసరికి పెడలు మీద కూడా ఉంది, నల్లగా, ఎర్రగా, సాగుతూ. పొద్దున్నుంచి ఎండలో కాగిన గొట్టంలో లక్క మెత్తబడి అతుకు సందులోంచి కారుతోంది.

నేను గీత దాటి ఆయన పక్కన పరుగెత్తాను.

"అప్పా, పెడలు మెత్తగా పోతాండాది" అన్నాడు, జనం వైపు నవ్వు ముఖం పెట్టుకునే.

"ఆ కాలు మోపొద్దన్నా. కుడికాలుతోనే తొక్కు. నేనిప్పుడే వస్తా."

పాత క్రాంకు లేదు. దాని కొసలు కోసింది నేనే. ఊళ్లో బాడుగ సైకిళ్ల అంగడికి పరుగెత్తి, ఒక సైకిలు నుంచి ఎడమ క్రాంకు విప్పించుకుని, సుత్తి అడిగి తీసుకుని వచ్చాను. అంతసేపూ ఆయన ఒంటికాలుతోనే తిరిగాడు. మెడ నరాలు తేలాయి. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. భార్య మైకు వదిలేసి పక్కన నడుస్తోంది.

సైకిలును ఎవరూ పట్టుకోకూడదు, అది ఆట పద్ధతి. ఆయన దాన్ని కదలకుండా నిలబెట్టి, రెండు కాళ్లూ హ్యాండిలు మీదికి ఎత్తుకుని కూర్చోవాలి. నేను కింద మోకాళ్ల మీద కూర్చుని క్రాంకు మార్చాలి. జనానికి అది కొత్త ఆటలా కనిపించింది. చెట్ల కింద నుంచి లేచి దగ్గరికొచ్చారు. చప్పట్లు కూడా కొట్టారు. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే చీల బిగుసుకుపోయింది. రెండు దెబ్బలు వేశాను, రాలేదు. పైన ఆయన ఊపిరి వినిపిస్తోంది. మూడో దెబ్బకు ఆసరాగా ఎడమచెయ్యి క్రాంకు కింద పెట్టి గట్టిగా కొట్టాను. చీల ఊడలేదు. లోపల లక్క మెత్తబడిన గొట్టం మడత పడింది. సైకిలు ఎడమవైపుకు, నా మీదికి ఒరిగింది. నా చెయ్యి పెడలుకూ నేలకూ మధ్య ఉంది.

సైకిలు నా చేతి మీద పడలేదు. తల ఎత్తి చూస్తే ఆయన ఎడమకాలు నేల మీద ఉంది. మొత్తం పాదం ఆన్చి, సైకిలు బరువంతా తొడ మీద ఆపుకుని నిలబడ్డాడు. నా వేళ్లు బెత్తెడు దూరంలో ఉన్నాయి.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగాయి.

"సెయ్యి బాగుందా అప్పా?" అన్నాడు నన్ను చూసి, మెల్లగా.

ముందు వరసలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. "కాలు పెట్టినావే. ఏమైందిప్పా?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నిద్ర పట్టె మామా. కాలు జారె. తప్పు నాదే."

వంకర తిరిగిన క్రాంకు అతుకు దగ్గర విరిగి నా చేతిలోకి వచ్చింది. వేళ్లంతా లక్క అంటుకుంది. "ఏంది ఆ ఎర్రది?" అని పెద్దాయన వంగాడు. ఆయన భార్య నా చేతిలో నుంచి దాన్ని లాక్కుని కొంగులో చుట్టేసింది. "గ్రీసు మామా" అంది. అని నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బతికిపోయేవాణ్ని. చెప్పు, నువ్వు చెప్పు అని అడుగుతున్నట్టుంది.

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. ఈయన తప్పు కాదు, బోలు క్రాంకు చేసి లక్క పోసింది నేనే, నా చెయ్యి నలగకూడదని కాలు పెట్టాడు, అని మొత్తం మాట నాలుక మీదికి వచ్చింది. పెద్దాయన నా ముఖంలోకి తేరిపార చూశాడు.

"నువ్వు పొద్దుటూరు శెట్టి కొడుకువి కదూ? మా పాప పెండ్లికి గాజులు మీ అంగట్లోనే తీసుకుంటిమి. మీ నాయన శానా నిక్కమైన మనిషి."

నా నోరు మూతపడింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్లలో మా గాజులున్నాయో. లోపల లక్క పోసి పైకి గట్టి ఇనుములా చేశానని ఆ శెట్టి కొడుకే చెబితే, ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు గాజులు తీసి నొక్కి చూసుకుంటారు. ముప్పై ఏళ్లు మా నాయన కూర్చున్న కూర్చోవడమంతా ఒక్క పూటలో పోతుంది. ఇదంతా లెక్క వేసుకోవడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. అవసరమైనప్పుడు నేనూ వ్యాపారినే.

"అవునప్పా" అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

వెనక నుంచి ఎవరో "ఐదు దినాలు సూసింది దండగ" అన్నారు. ఇంకెవరో "తాగినాడేమో" అన్నారు. ఆయన విన్నాడు. దండం పెట్టి, అందరికీ వినబడేలా అన్నాడు. "తప్పు జరిగిపాయ. మళ్లీ మొదట్నుంచి తొక్కుతా. ఏడు దినాలు." భార్యను చూసి "పలక తుడిసి ఒకటి రాయి" అన్నాడు. ఆమె కదల్లేదు. ఆయనే కుంటుకుంటూ గుంజ దగ్గరికి పోయి, అరచేత్తో తుడిచి, ఒకటి వేశాడు.

ఆ సాయంత్రం నేను చేసిన వస్తువులన్నీ నా చేతులతోనే విప్పించాడు. సత్తు పెడళ్లు, గొట్టం కడ్డీ, చెక్క సీటు, బెజ్జాల చైను వీలు. బాడుగ సైకిళ్ల అంగడి నుంచి తెచ్చిన గట్టి ఇనుము మళ్లీ ఎక్కించాను. ఒక్క మాట కటువుగా అనలేదు. "నీ పని మంచిదేనప్పా. ఇంగ నాకు దాని మీద కాలు పెట్టాలంటే భయం" అన్నాడు. పాత బరువుతో సైకిలెక్కి గీత మీదికి పోయాడు.

నేను ఊరికి పోలేదు. ఏడు దినాలూ అక్కడే ఉన్నాను. మూడుసార్లు మైకు దాకా పోయాను. ఒకసారి ఆమె మైకు నా చేతికి అందించింది కూడా. పట్టుకుని, "టెస్టింగ్" అన్నట్టు రెండుసార్లు ఊది, తిరిగి ఇచ్చేశాను. అప్పుడామె నవ్వింది. అట్లాంటి నవ్వు ఎవరికీ రాకూడదు. రోజూ తలపాగా పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చుని మా నాయన గురించి మంచిగా మాట్లాడేవాడు. నేను ఊఁ కొట్టేవాణ్ని. ఊఁ కొట్టి లేచి ఇంకో చెట్టు కిందికి పోయేవాణ్ని. ఆయన అక్కడికీ వచ్చేవాడు.

ఏడో దినం మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. "ఈపొద్దు పండ్లతో ఎత్తొద్దని సెప్పు. నా మాట ఇనడు. నీ మాట ఇంటాడు."

నేను ఆయన పక్కన నడుస్తూ చెప్పాను. బతిమాలాను. పళ్లు బాగాలేవని జనానికి చెబితే వింటారన్నాను.

"పన్నెండు దినాల్నుంచి వస్తాండారప్పా వీళ్లు. నిద్రపోయి కాలు పెట్టినాడు, ఆఖరికి ఎత్తనూ లేదు అంటారు. ఆ పేరుతో ఇంగే ఊరికి పోతా?"

నిద్రపోయి కాలు పెట్టలేదని అక్కడ తెలిసినవాళ్లం ముగ్గురం. చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. నేను గీత బయటికి నడిచి వచ్చేశాను.

సాయంత్రం మైదానం నిండింది. ఆయన దిగి, తోలుపట్టీ చుట్టి, వంగి కరిచాడు. మొదటిసారి సైకిలు లేవలేదు. రెండోసారి వెనక చక్రం మాత్రం లేచింది. మూడోసారి మెడ వెనక్కు వంచి మొత్తం ఎత్తాడు. చేతులు చాచాడు. జనం గట్టిగా అంకెలు లెక్కపెట్టారు. పది దాకా ఉంచాడు. దించి, తల వంచుకుని, ఎవరూ చూడకుండా తువ్వాల్లోకి ఉమ్మాడు. పైపళ్లు రెండూ వచ్చేశాయి. తలపాగా పెద్దాయన చప్పట్లు కొడుతూ నా భుజం తట్టి, "మగోడురా" అన్నాడు.

జనం పల్చబడ్డాక నేను దగ్గరికి పోయాను. ఆమె సామాన్లు సర్దుతోంది, నా వైపు తిరగలేదు. ఆయన గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, ఇప్పుడైనా ఊరందరికీ చెబుతానన్నాను. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"వద్దప్పా. మీది బంగారు అంగడి. పేరు పోతే మళ్లీ రాదు. మీ నాయనకు కూడా తెలీనీకు."

సరేనన్నాను. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాను.